చిలకపచ్చ అంగీ

ఆ రోజుల్లో మా కరీంనగర్ దిక్కు పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లు తారీఖు చెప్పేవారు, ముహూర్తం చెప్పేవారు, యాటపోతును కోస్తున్నారో లేదో గొంతు తగ్గించి మరీ చెప్పేవారు. ఏం తొడుక్కుని రావాలో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. మనిషన్నవాడికి ఆమాత్రం తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆడవాళ్లు బీరువాలో అన్నిటికంటే బరువైన చీర కట్టుకునేవారు, మగవాళ్లు అన్నిటికంటే తక్కువసార్లు ఉతికిన అంగీ తొడుక్కునేవారు, పెళ్లి అయిపోయేది. ఉన్న కట్టుబాటల్లా ఒక్కటే. ఎవరైనా నీకు బొట్టు పెట్టి బట్టలు పెడితే, ఆ తర్వాత వాళ్లు ఎదురుపడే శుభకార్యానికి ఆ బట్టలే తొడుక్కుని పోవాలి. రంగు నచ్చలేదనో, మనకు నప్పదనో అనడానికి లేదు. ఇది ఎక్కడా రాసి లేదు కాబట్టి అందరూ పాటించేవారు. మా వంశంలో పెళ్లిబట్టల గురించి కాగితం మీద పెట్టినంత పని చేసిన మొదటి మొనగాణ్ణి నేనే. కాగితం కాదు, వాట్సాప్.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ గట్టెక్కి, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ సారుగా చేరి ఏడాదైంది. ఉన్నవి నాలుగు కంప్యూటర్లు, అందులో మూడు లేచేవి కావు. అందుకని హెడ్‌మాస్టరు నాకు ఇంకో బాధ్యత అప్పగించాడు. పొద్దున ప్రార్థనప్పుడు వరసల మధ్య తిరుగుతూ పిల్లల టైలు, బెల్టులు, సాక్సుల రంగు చూడడం. ఆ పనిలో నేను రాణించాను. వందల మందిని రోజూ ఒకే రంగులో చూసే మనిషికి కొన్నాళ్లకు లోకమంతా అలాగే ఉంటే ఎంత బాగుంటుందో అనిపించడం మొదలవుతుంది. (పోలీసులకు అలా ఎందుకు అనిపించదని మీరడగొచ్చు. వాళ్లు ఇంటికి రాగానే లుంగీ కట్టుకుంటారు. నేను ఇంట్లో కూడా ఇన్‌షర్టు చేసుకునే రకం.) సరిగ్గా అప్పుడే మా అక్కకు పెళ్లి కుదిరింది. ఫొటోలు తీయడానికి మాట్లాడిన అతను తన ఫోనులో ఎవరిదో పెళ్లి ఆల్బం చూపించాడు. ఆడా మగా అందరూ లేత లేత రంగుల్లో, పాలల్లో ముంచి తీసినట్టున్నారు. "అన్నా, మనోళ్లు ఒకలు ఎర్రది, ఒకలు పచ్చది తొడుక్కొని వస్తే ఫొటో జాతర లెక్క కొడ్తది. రంగు ఒక్కటే ఉండాలె, అప్పుడే లుక్కొస్తది" అన్నాడు. ఆ లుక్కు అన్న మాట నా బుర్రలో మేకులా దిగింది.

ఇంటికి రాగానే 'అక్క పెండ్లి' అని గ్రూపు పెట్టి, నంబరు దొరికిన చుట్టాన్నల్లా అందులోకి లాగి, ఒక మెసేజ్ కొట్టాను. 'పెండ్లికి విచ్చేయు బంధుమిత్రులకు సూచనలు. పురుషులు క్రీమ్ రంగు, స్త్రీలు లేత గులాబి రంగు వస్త్రములు మాత్రమే ధరించవలెను. ముదురు రంగులు, మెరిసే బట్టలు నిషేధము. తలకు రుమాలు, భుజాన తువ్వాల ఉండరాదు. పాటించనివారు ఫొటోలలోకి అనుమతింపబడరు.' బడి సర్క్యులర్లు రాసిన అలవాటు కొద్దీ కింద 'ఇట్లు, యాజమాన్యం' అని కూడా పెట్టాను. ఆ యాజమాన్యం ఎవరని మా నాన్న, బాపు అడిగాడు. చెప్పాను. ఆయన ఎగాదిగా చూసి, "నాకు క్రీమ్ రంగు అంగీ ఉన్నది తియ్యి. పొలంల దిగేటప్పుడు తొడుగుత. కొన్నప్పుడు అది తెలుపే" అన్నాడు. నాయనమ్మ అయితే కంటతడి పెట్టినంత పని చేసింది. "పెండ్లికి ఎర్రచీర కట్టద్దంటే ఇంక ఏనాడు కట్టాలెరా, నేను సచ్చినంక మీరు కడ్తరా?" అంది. దుబాయ్‌లో పనిచేసే మా చిన్నబాపు సెలవు పెట్టుకుని వస్తున్నాడు. ఆయన దగ్గరినుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అరే కొడుకా, ఇక్కడ పదకొండేండ్ల సంది నేను తొడిగేది క్రీమ్ రంగు యూనిఫారమేరా. పెండ్లికన్న జర రంగు బట్టలు తొడగనియ్యి." ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం 'నిబంధనలు అందరికీ ఒకటే' అని జవాబిచ్చాను.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మా మేనమామ. అవ్వకు, అంటే మా అమ్మకు, అన్న. జైనూర్ అవతల గుట్టల కింద ఒక ఊళ్లో వ్యవసాయం. మనిషి పొడవు, మాట తక్కువ, తెల్ల ధోతి, తెల్లంగీ, తలకు ఎర్ర రుమాలు. ఆ రుమాలు లేకుండా ఆయన తల ఎలా ఉంటుందో నాకు ఈరోజుకీ గట్టిగా తెలియదు. ఎండాకాలం సెలవుల్లో నేను ఆ ఊరికి పోతే, చేను దగ్గరికి నడిచేటప్పుడు ఆ రుమాలు విప్పి నా తలకు చుట్టి, ఆయన చేత్తో నెత్తి కప్పుకుని నడిచేవాడు. అలాంటి మనిషిని దృష్టిలో పెట్టుకోకుండా 'తలకు రుమాలు ఉండరాదు' అని ఎలా కొట్టానని మీరు అడగొచ్చు. నాకు ఫొటోయే కనపడింది, తల కనపడలేదు.

నిశ్చితార్థానికి మామ వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ బట్టలు పెట్టాడు. నా వంతుకు ఒక అంగీ బట్ట వచ్చింది. చిలకపచ్చ. మామూలు చిలకపచ్చ కాదు, చిలక చూసినా సిగ్గుపడేంత పచ్చ. "పెండ్లినాటికి కుట్టించుకో అల్లుడా" అని నా చేతిలో పెట్టాడు. తలూపాను, కాళ్లు మొక్కాను, ఆయన జీపు సందు మలుపు తిరగ్గానే ఆ బట్టను మంచం మీద విసిరేసి, "గీ రంగు ఎవడు తొడుగుతడే అవ్వా?" అన్నాను. అవ్వ దాన్ని మడిచి బీరువా అడుగు అరలో పెట్టింది. ఆ అర సంగతి చెప్పాలి. మాకు వచ్చిన పెట్టుబట్టల్లో మేము తొడగనివన్నీ అందులో చేరతాయి. అక్కడినుంచి ఎవరి గృహప్రవేశానికో, ఎవరి కొడుకు పెళ్లికో పోతాయి. పెట్టినవాళ్లకు తిరిగి పెట్టకూడదు, అంతే. అది గుర్తు పెట్టుకోవడం అవ్వ పని, ఆ విషయంలో ఆమె ఎన్నడూ తప్పు చేయలేదు.

పెళ్లిరోజు వచ్చింది. కరీంనగర్ బైపాస్ పక్కన ఫంక్షన్ హాలు. ముహూర్తం పదకొండున్నరకు. నేను అద్దెకు తెచ్చిన క్రీమ్ షేర్వాణీలో, మెడ తిప్పడానికి రాక, గేటు దగ్గర బడిలో నిలబడ్డట్టే నిలబడ్డాను. వచ్చేవాళ్లలో చాలామంది నా మాట విన్నారు. మిగతావాళ్లు నన్ను చూడగానే "మెసేజ్ చూడలే బిడ్డా" అంటూ పక్కనుంచి జారిపోయారు. పది గంటలకు మామ జీపు వచ్చింది. ముందు జాగా లేక డ్రైవరు దాన్ని హాలు వెనక్కి, వంటల దిక్కు తీసుకెళ్లాడు. కాసేపటికి మామ, అత్త, వెంట వచ్చిన ఊరివాళ్లు పది మందీ నడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు. వచ్చి ఆగిపోయారు. మామ గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తలకు ఎర్ర రుమాలు అలాగే ఉంది.

"లోపలికి రా మామా" అన్నాను.

"మా బట్టలు లోపలికి పనికిరావట గదా అల్లుడా" అన్నాడు. కోపంగా కాదు, వానలు పడలేదట గదా అన్నంత మామూలుగా. "నువ్వే రాసినవట. మేము ఈడనే కూసుంటం. అక్షింతలు ఈడికెల్లే ఏస్తం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఊరివాళ్లూ నవ్వలేదు. అప్పుడు నాకు షేర్వాణీ లోపల చెమట మొదలైంది. ఎందుకంటే మా దగ్గర పెళ్లికూతుర్ని మండపంలోకి తీసుకురావాల్సింది మేనమామ. అయ్యగారు "పెళ్లికూతుర్ని తీసుకురండి" అన్నాక మేనమామ చెయ్యి పట్టుకుని తెచ్చి పీటల మీద కూర్చోబెడితే తప్ప తంతు ముందుకు కదలదు. మాకు ఉన్న మేనమామ ఒక్కడే, ఆయన గేటు బయట వాచ్‌మన్ కుర్చీలో ఉన్నాడు. "తప్పైంది మామా, రుమాలున్నా ఏం కాదు, రా" అని బతిమిలాడాను. ఆయన నా షేర్వాణీ వైపు చూశాడు. "సరే గని, నిశ్చితార్థం నాడు నీకు అంగీ బట్ట పెట్టిన. అదేది? అది తొడుక్కొని రా. నువ్వు నా బట్టల ఉంటే నేను మీ పెండ్లిలకు వస్త" అన్నాడు.

అవ్వ కోసం లోపలికి పరుగు తీశాను. ఆమె పెళ్లికూతురి గదిలో ఉంది. అక్క పసుపు బట్టల్లో, తలంబ్రాలకు సిద్ధమై, పెళ్లికూతురు చూడాల్సిన దానికంటే కోపంగా చూస్తోంది. సంగతి అప్పటికే ఎవరో చేరవేశారు. "మామ చెయ్యి పట్టుకుంటేనే నేను లేస్త. లేకుంటే నీ క్రీమ్ రంగు ఉన్నది గదా, దాన్నే పీటల మీద కూసోబెట్టి పెండ్లి చేస్కో" అంది. నేను అవ్వ వైపు తిరిగి ఆ చిలకపచ్చ బట్ట ఎక్కడుందని అడిగాను. అవ్వ మొహంలో రంగు పోయింది. రెండు చేతులూ తలకు కొట్టుకుంది.

"వంటల చాచాకు పెట్టిన గదరా! బయానా ఇచ్చిననాడు ఊకనే ఎట్ల పంపాలె అని తాంబూలంల పెట్టిన. నువ్వే గదా, ఎవడు తొడుగుతడంటివి!"

వంటల చాచా అంటే మా దిక్కు పెళ్లిళ్లలో బగారా అన్నం, మటన్ వండే పెద్దాయన. ఆయన చెయ్యి పడితే బియ్యం గింజకు గింజ అంటుకోదు. మనిషి మాత్రం ఒక డేగిసాలో పట్టడు. వెనక వంటల దగ్గరికి పరుగెత్తి చూస్తే నిజంగానే పొగ మధ్యలో చిలకపచ్చ వెలిగిపోతోంది. ఆ బట్టకు ఇంకో గజం ఎక్కడ సంపాదించాడో గానీ, మోకాళ్ల దాకా వచ్చేలా కుర్తాలా కుట్టించుకుని, చేతులు పైకి మడిచి, గరిటె తిప్పుతున్నాడు.

"చాచా, ఈరోజే తొడుక్కున్నవా ఇది?" అని ఏడుపు గొంతుతో అడిగాను.

చాచా నన్ను వింతగా చూశాడు. "మీ అవ్వ ఇచ్చిన బట్ట బేటా. మీ షాదీల తొడగకుంటే ఇంక ఎవ్వల షాదీల తొడగాలె? గంత తెల్వదా నాకు?"

కట్టుబాటు తెలిసినవాడు ఆ ఆవరణలో ఇంకెవరున్నా లేకున్నా, వంటల దగ్గర ఒకడు ఉన్నాడు. ఆయన ముందు నేను చేతులు జోడించి జరిగిందంతా చెప్పాను. ఆయన వింటూనే గరిటె పక్కవాడికి అందించాడు. "అరే, మామూ గేటు కాడ కూసున్నడా? ఫికర్ జెయ్యకు, తీస్కో" అని అక్కడే, ఉల్లిపాయల బస్తాల వెనక, అంగీ విప్పి ఇచ్చాడు. బనీనుతో నిలబడ్డ పెద్దమనిషిని అలా వదలలేక నా షేర్వాణీ ఆయనకు ఇచ్చాను. గుండీలు పట్టవు కాబట్టి పైన కోటులా వేసుకున్నాడు. (ఆ తర్వాత ఉప్పు చూపించడానికని హాల్లోకి వచ్చిన చాచాను చూసి, ఎవరో పెద్ద చుట్టం అనుకుని పెళ్లికొడుకు తండ్రి ఎదురెళ్లి చేతులు పట్టుకుని ముందు వరస సోఫాలో కూర్చోబెట్టాడట. "నా బగార మాడుతది సాబ్" అని ఆయన మొత్తుకున్నా వినలేదట. మొత్తం పెళ్లిలో నా నిబంధన ప్రకారం అందరికంటే గౌరవం దక్కింది ఆయనకే.)

నేను ఆ అంగీలో గేటు వైపు నడిచాను. అది నా మోకాళ్లు దాటింది, చేతులు వేళ్లు దాటాయి, నాలాంటివాళ్లు ఇంకొకరు లోపల హాయిగా కాపురం ఉండొచ్చు. కడుపు మీద పసుపు మరక, భుజాల మీద మసాలా వాసన. లేత క్రీమ్, లేత గులాబి చుట్టాలంతా రెండు వైపులా జరిగి నాకు దారిచ్చారు. ఎవరికి రంగులు వద్దని నేను శాసనం చేశానో వాళ్లందరి మధ్యలోంచి, అరటితోటలోంచి ఎగిరొచ్చిన పిట్టలా నేనొక్కణ్ణే నడిచిపోయాను. ఫొటోలతను నోరు తెరిచి, అలవాటు కొద్దీ ఫొటో తీశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెప్పాలంటే, ఆ సిగ్గు రంగు గురించి కాదు. ఎండలో నాకు రుమాలు చుట్టి తను నెత్తి మాడ్చుకున్న మనిషి గేటు బయట కూర్చున్నాడు, ఆయన్ను అక్కడ కూర్చోబెట్టింది నేను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ ముందు నిలబడి, "తొడుక్కొచ్చిన మామా" అన్నాను.

మామ లేచాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. వేలాడుతున్న చేతుల్ని పట్టుకుని, ఒక్కో మడతా తీరుబడిగా మోచేతుల దాకా మడిచాడు. కాలరు సర్దాడు. కొంచెం వంగి ముక్కు ఎగబీల్చి, "బగార వాసన మంచిగొస్తుంది అల్లుడా" అన్నాడు. తర్వాత తలమీది రుమాలు సరిచేసుకుని లోపలికి నడిచాడు. ముహూర్తానికి పావుగంట ముందు అక్క చెయ్యి పట్టుకుని మండపంలోకి తీసుకొచ్చాడు. పాలల్లో ముంచినట్టున్న ఆ ఫొటోలో అక్క పసుపు బట్టలు కాక రంగంటూ ఉన్నది రెండే చోట్ల, ఎర్ర రుమాలు, దాని వెనక చిలకపచ్చ గోనెసంచి లాంటి నేను. అక్క ఇంట్లో గోడకు పెద్దది చేయించి పెట్టింది ఆ ఫొటోనే. వేరే ఒక్కటి కూడా ఆమెకు నచ్చలేదట.

చాచా ఆ అంగీ తిరిగి తీసుకోలేదు. "మేనమామ బట్ట మేనల్లుని మీదనే ఉండాలె బేటా" అన్నాడు. అవ్వ దాన్ని ఉతికి మడిచింది, ఈసారి అడుగు అరలో కాదు, నా బట్టల్లో పెట్టింది.

పోయినేడు మామ చిన్నబిడ్డ పెళ్లి. ఇప్పుడు అందరూ కార్డు మీదే రంగులు అచ్చేస్తున్నారు గదా అని ముందే ఫోను చేసి, "ఏం తొడుక్కొని రావాలె మామా?" అని అడిగాను. "బట్టలు తొడుక్కొని రా" అని పెట్టేశాడు. జైనూర్ అవతల వాళ్ల ఊళ్లో జీపు దిగేసరికి ఆయన పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. పాత మాటలు వచ్చాయి. "ఆనాడు నా మెసేజ్‌కు నువ్వు మస్తు అలిగినవ్ గదా మామా" అన్నాను.

మామ నా వైపు తిరిగాడు. "నీ మెసేజ్‌కా? పిల్ల చదివి చెప్తే మీ అత్త, నేను కడుపు పట్టుకొని నవ్వినం. చిన్న పోరడు, ముచ్చట పడ్డడు, గేటు కాడ రుమాలు తీసి జేబుల పెట్టుకుందాం అనుకుంటనే వచ్చిన."

"మరి?"

"జీపు దిగంగనే వంటకాడ నా బట్ట కనవడ్డది."

ఎన్నో ఏళ్లుగా నేను నా మెసేజ్ కథే అందరికీ చెప్పి నవ్విస్తున్నాను. "అప్పుడే అడగక పోయినవా మామా?" అన్నాను.

"అడిగితే మీ అవ్వ తల ఏడ పెట్టుకుంటది? బిడ్డ పెండ్లిల, అంతమంది చుట్టాలల్ల, అన్న పెట్టిన బట్ట వంటాయనకు ఇచ్చిందంటరు. రుమాలు పేరు చెప్తే తిట్లన్ని నీ ఒక్కని మీదికి పోతయి. నువ్వు పోరనివి, దులుపుకుంటవ్." నా పొట్ట వైపు చూసి మెల్లగా నవ్వాడు. "ఇప్పుడు సరిగ్గ పట్టింది అంగీ."

అవును, ఆ రోజు నేను చిలకపచ్చ అంగీలోనే వెళ్లాను. ఎక్కడా కత్తిరించలేదు, కుట్లు విప్పలేదు. ఇరవై మూడేళ్ల ఆ బక్క సారు ఇప్పుడు నా ముందుకు వచ్చి నిలబడితే అతని సాక్సుల రంగు ఏమీ చూడను. దగ్గరికి తీసుకుని, చేతులు మోచేతుల దాకా మడిచి, లోపలికి పంపిస్తాను. పొట్ట దగ్గర గుండీ ఒకటి మాత్రం ఈ మధ్య కొంచెం బిగుస్తోంది.